తాబేలు నీళ్లు తాగడం లేదా? ముందు మూకుడు చూడండి

మాది శ్రీకాకుళం. పెరట్లో సల్కాటా తాబేలు ఉంది, సహారా ఎడారికి దక్షిణపు అంచుల్లో పుట్టిన జాతి, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించే పెంచుతున్నాం. ఈ మాట ముందే ఎందుకంటే, శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లను చూసొచ్చి ఇంట్లోనూ ఒకటి ఉంటే బాగుణ్ణనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. పొలంలో దొరికిందని తెచ్చిచ్చేవాళ్లూ ఉంటారు. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, దొరికితే అటవీ శాఖ వాళ్లకు అప్పజెప్పేయండి. ఇక నేను రాసేది నేల మీద బతికే తాబేళ్ల గురించి, నీళ్ల తొట్టెలో ఈదే వాటి గురించి కాదు.

వెనక నుంచి ఇసకలాంటి సున్నం పడుతోంది

అన్నిటికన్నా ముందు చూడాల్సిన గుర్తు ఇదే. మాకు తాబేలు అమ్మినాయన "ఇది ఎడారిది, నీళ్లక్కర్లేదు, ఆకుల్లో ఉన్న తడే చాలు" అన్నాడు, మేమూ నమ్మాం. మూడో నెలలో ఒకరోజు పొద్దున్న అది నడిచిన దారిలో తెల్లటి ముద్ద కనిపించింది. పుల్లతో నలిపి చూస్తే గరగరలాడింది. ఆ రోజు నుంచి నీళ్ల విషయంలో ఎవరి మాటా వినడం మానేశాను.

తాబేలు ఒంట్లోని వ్యర్థం ఎక్కువగా యూరిక్ యాసిడ్‌గా, తెల్లటి ముద్దలా బయటికొస్తుంది. తెల్లగా రావడం రోగం కాదు. నీళ్లు సరిపోతే అది తడిపిన విబూదిలా, పల్చటి పెరుగులా మెత్తగా ఉంటుంది. చాలకపోతే తాబేలు తన మూత్రాశయంలో దాచుకున్న నీళ్లనే మళ్లీ ఒంట్లోకి లాక్కుంటుంది, అప్పుడు అక్కడ మిగిలింది చిక్కబడి, గరుకు తేలి, కొన్నాళ్లకు రాయి కడుతుంది. పప్పులు, పిల్లికి పెట్టే గింజల తిండి లాంటివి పెడుతుంటే రాయి ఇంకా తొందరగా కడుతుంది, కాబట్టి అవి ఆపేసి గరిక, మందార ఆకులు, మల్బరీ ఆకులు నీళ్లలో ముంచి తడితడిగా పెట్టండి.

అసలు మందు మాత్రం నానబెట్టడమే. ఒక ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, 30 డిగ్రీలకు అటూఇటూ, మోచేతి మీద పోసుకుంటే వేడీ చలీ ఏదీ తెలియనట్టు ఉండాలి. పై డొప్ప, కింది డొప్ప కలిసే చోటు దాకా వస్తే చాలు, తల ఎప్పుడూ సులువుగా పైకి ఉండాలి. 15 నుంచి 20 నిమిషాలు. చల్లారితే మళ్లీ వెచ్చటి నీళ్లు మార్చండి, ఫోనొచ్చిందని వదిలేసి వెళ్లకండి, ఎందుకంటే తిరగబడితే అంత తక్కువ నీళ్లలోనూ మునిగిపోతుంది. పిల్ల తాబేలుకు రోజూ, పెద్దదానికి వారానికి రెండుసార్లు. మొదటిసారి మాది టబ్బులో కాసేపు బిగుసుకుని ఉండిపోయింది, తర్వాత మెల్లగా మెడ చాచి, ముక్కు కూడా మునిగేలా మూతి నీళ్లలో పెట్టి, కళ్లు తెరిచే ఉంచి, గొంతు కింది చర్మం పైకీ కిందికీ ఆడిస్తూ ఐదు నిమిషాలు ఆపకుండా తాగింది. అది తాగే తీరు అదే, కుక్కలా నాలుకతో నాకదు. ఈ సంగతి తెలిస్తేనే కింద చెప్పేది అర్థమవుతుంది.

నీళ్లు పెట్టినా ఆ వైపే వెళ్లడం లేదు

తాబేలులో తప్పేమీ లేదు, గిన్నెలో ఉంది. మనం ఇంట్లో ఉన్న స్టీలు గిన్నె పెట్టేస్తాం, దాని అంచు ఎత్తుగా ఉంటుంది, లోపల జారుతుంది, లోతైతే మూతి అందదు. మూతీ ముక్కూ ముంచితే గానీ తాగలేని ప్రాణి అది, కాబట్టి దానికి కావాల్సింది వెడల్పు, లోతు కాదు. కుమ్మరి దగ్గర దొరికే వెడల్పాటి మట్టి మూకుడు తెచ్చి, అంచు నేలకు సమానంగా వచ్చేలా గొయ్యి తీసి పాతండి. నీళ్లు దాని గడ్డం తడిసేంత ఉండాలి, లోపల నిలబడితే డొప్పల అతుకు దాటకూడదు. మూకుడు వాలుగా, గరుగ్గా ఉంటుంది కాబట్టి ఎక్కుతూ దిగుతూ పట్టు దొరుకుతుంది. నీడలో పెట్టండి. మేలో ఎండలో పెట్టిన మూకుడు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగిపోతుంది, డాబా మీది ట్యాంకు నీళ్లూ అంతే, పైపు తిప్పగానే వచ్చేవి తిన్నగా పొయ్యకండి. డిసెంబరు, జనవరి పొద్దుటి పూటల్లో దీనికి ఉల్టా జరుగుతుంది, నీళ్లు చల్లబడి తాబేలు కదలదు, అప్పుడు ఎండెక్కాక వెచ్చటి నీళ్లు పొయ్యండి.

దగ్గరికొస్తుంది, మూతి పెట్టి వెనక్కి తగ్గుతుంది

ఇక్కడ నీళ్లనే అనుమానించాలి. వాసన చూడండి, బ్లీచింగ్ గుప్పుమంటుందేమో. వానలు మొదలయ్యాక కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు, తుఫాను తర్వాత నూతుల్లో బ్లీచింగ్ పౌడర్ వేస్తారు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకు ఆ వాసన గుర్తే ఉంటుంది. మనుషుల ప్రాణాలు కాపాడేది అదే, దాన్ని తప్పు పట్టడం లేదు. ఆ నీళ్లను వెడల్పాటి బేసిన్‌లో పోసి, పల్చటి గుడ్డ కప్పి, ఒక రోజంతా వదిలేస్తే మామూలు క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. మూతబిగించిన సీసాలో పెడితే మాత్రం పోదు.

వాసన లేకపోతే మీరు ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లు తాబేలుకు వద్దు. నాకు తెలిసిన సూత్రం ఒకటే, ఇంట్లో చంటిపిల్లకు పట్టలేని నీళ్లు దానికీ పొయ్యను. క్యాన్ నీళ్లు నిక్షేపంగా పొయ్యొచ్చు, దానికి కావాల్సిన కాల్షియం తిండిలోంచే రావాలి, నీళ్లలోంచి కాదు. కానీ ఫిల్టరు వెనక పైపులోంచి వృథాగా పోయే నీళ్లు పట్టి తాబేలుకు పోసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, వడకట్టి తీసేసిన ఉప్పులన్నీ అందులోనే ఉంటాయి. మొక్కలకే ఆలోచించి పొయ్యాలి.

పోసిన గంటకే నీళ్లు పాడైపోతున్నాయి

తాబేళ్లు తాగే చోటే విసర్జిస్తాయి, అది వాటి అలవాటు, మాన్పించలేం. రోజుకు రెండుసార్లు పారబోసి కొత్తవి పొయ్యండి. మట్టి మూకుడు లోపల పచ్చటి జిగురు పడుతుంది, కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది ఎండబెట్టండి, మూకుళ్లు రెండు ఉంచుకుంటే ఒకటి ఎండుతుంటే ఇంకొకటి వాడొచ్చు. నీళ్లు రోజుల తరబడి ఉంచితే దోమ పిల్లలు పుడతాయి, అది మనకే డేంజర్. ఇంకొకటి, మూకుడు వంటింటి సింకులో కడగకండి. ఆరోగ్యంగా ఉన్న తాబేలులో కూడా సాల్మొనెల్లా అనే, మనుషులకు విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా ఉండొచ్చు. పెరటి కుళాయి దగ్గర కడిగి, సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లల చేత ఆ పని చేయించకండి.

ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి

ఇది నీళ్ల లోపం కాకపోవచ్చు. చలి, తడి కలిసి ఊపిరితిత్తులకు పట్టినప్పుడు ఇలా ఉంటుంది. పొడిగా, వెచ్చగా ఉన్న చోటుకు మార్చి అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

కళ్లు లోపలికి పోయాయి, తిండి మానేసింది

కాళ్ల దగ్గర చర్మం వదులై, చేత్తో ఎత్తితే మామూలుకన్నా తేలిగ్గా అనిపిస్తే ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయని అర్థం. గోరువెచ్చటి నీళ్లలో రోజూ నానబెట్టండి. టెన్షన్‌తో సిరంజి పెట్టి నోట్లోకి నీళ్లు కొట్టకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. రెండు రోజుల్లో కళ్లు తేరుకోకపోయినా, ముక్కుతూ ఏమీ రాకపోయినా, వెనక కాళ్లు ఈడుస్తున్నా లోపల రాయి ఉందేమో ఎక్స్‌రే తీయించాలి. విజయనగరం వైపు వాళ్లకు గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, మన శ్రీకాకుళం వైపు వాళ్లు ముందు పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసి తాబేళ్లను చూసే డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కుని వెళ్లండి. వెళ్లేటప్పుడు అట్టపెట్టెలో పొడి గుడ్డ పరిచి పెట్టండి, ఆఖరుసారి పడిన తెల్లటి ముద్దను చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి, ఏ నీళ్లు పోస్తున్నారో, ఎన్ని రోజులుగా తాగలేదో కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టర్‌గారు ముందు అడిగేవి అవే.