ప్రాంతీయ రైలు మార్గంలో ప్రయాణ కాలాన్ని తగ్గించే పని ఎక్కడ మొదలుపెట్టాలి

రైళ్లు త్వరగా గమ్యం చేరాలన్న చర్చ వచ్చినప్పుడల్లా గరిష్ఠ వేగాన్ని పెంచాలన్న ప్రతిపాదనే ముందు వినిపిస్తుంది గాని, లెక్క వేసి చూస్తే దానివల్ల ఒనగూరేది స్వల్పమే. పది కిలోమీటర్ల మేర వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచితే మిగిలేది ఒక్క నిమిషం. పాత వంతెన మీదనో, స్టేషను ముందు రైలును ఒక పట్టాల నుంచి మరో పట్టాలకు మళ్లించే పాయింట్ల మీదనో ఒక్క కిలోమీటరు మేర 20గా ఉన్న పరిమితిని 40కి పెంచితే నిమిషంన్నర మిగులుతుంది; వేగం తగ్గించుకోవడానికీ, తిరిగి అందుకోవడానికీ పట్టే సమయం కూడా కలిసివస్తుంది కనుక అసలు లాభం అంతకంటే ఎక్కువే. అందుచేత రైలు నెమ్మదించక తప్పని చోట్లన్నిటినీ ముందుగా పటం మీద గుర్తించాలి.

తరువాత, కొన్ని వారాల పాటు ప్రతి రైలూ ప్రతి స్టేషనుకు వచ్చిన, బయలుదేరిన సమయాలను సేకరించాలి. ఇక్కడ సగటును నమ్మకూడదు. పది రైళ్లలో తొమ్మిది సమయానికి వచ్చి ఒకటి యాభై నిమిషాలు ఆలస్యమైనా, పదీ అయిదేసి నిమిషాలు ఆలస్యమైనా సగటు ఒక్కటే. మొదటి సందర్భంలో యంత్రాల, సిగ్నళ్ల నిర్వహణను చూడాలి, రెండవ సందర్భంలో టైమ్‌టేబులే సాధ్యం కానిదై ఉండవచ్చు. ఆలస్యం బయటపడిన స్టేషను వేరు, అది పుట్టిన స్టేషను వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మార్గం సింగిల్ లైన్ అయితే, అంటే రెండు వైపులకూ ఒకే జత పట్టాలుంటే, శ్రమలో అధిక భాగం క్రాసింగుల మీదనే, అంటే ఎదురెదురు రైళ్లు ఒకదానినొకటి దాటే చోట్ల మీదనే పెట్టడం మంచిది, ఎందుకంటే అక్కడ ఒక రైలు ఆలస్యం ఎదురుగా వచ్చే రైలుకు అంటుకుని, దాని నుంచి మరొకదానికి పాకుతుంది. రెండు వైపులా గంటకొక రైలు నడిపితే, ప్రతి రైలుకూ అరగంటకొకసారి ఎదురు రైలు తగులుతుంది. కాబట్టి ఒక రైలు పక్కకు తప్పుకుని మరొకదానికి దారి ఇచ్చే లూప్ లైన్లు సుమారుగా ఆ అరగంట దూరాలలో ఉంటేనే ఎవరూ ఎవరి కోసమూ ఎక్కువసేపు కాచుకోనక్కరలేదు. లూపు ఉన్న చోటికి రెండు వైపుల నుంచీ రైళ్లను ఒకేసారి అనుమతించే విధంగా సిగ్నళ్లను మార్చడం, పాయింట్ల మీద వేగ పరిమితిని పెంచడం, వీలైన చోట రైళ్లు ఆగకుండానే ఒకదానినొకటి దాటిపోగలిగేంత పొడవుగా లూపును సాగదీయడం, ఈ మూడూ లైనంతా డబ్లింగ్ చేయడం, అంటే రెండో జత పట్టాలు వేయడం కంటే చాలా తక్కువ ఖర్చుతో ముగిసే పనులు.

వంపుల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు: మిగతావన్నీ మారకుండా వేగం రెట్టింపు కావాలంటే వంపు వ్యాసార్ధం నాలుగింతలు కావాలి, కనుక వంపులో బయటి పట్టాను లోపలి పట్టా కంటే ఎత్తుగా ఉంచే ఏటవాలును సరిచేయడంతో వచ్చే లాభాన్ని ముందు పొందాలి.

స్టేషన్లలో ఆగే సమయాన్ని సెకన్లలో కొలవాలి. పదిహేను చోట్ల ఇరవై సెకన్ల చొప్పున తగ్గినా అయిదు నిమిషాలు మిగులుతాయి, దానికి పెట్టె నేలతో సమానమైన ప్లాట్‌ఫారం, వెడల్పాటి తలుపులు, ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలిపే గుర్తులు చాలు. హాల్టులను ఎత్తివేయడం కాగితం మీద సులువే, కానీ ప్రయాణికులనే తగ్గించుకుని ప్రయాణ కాలాన్ని తగ్గించామనడం నాకు సమంజసంగా తోచదు.

టైమ్‌టేబులులో ఆలస్యాన్ని పూడ్చుకునేందుకు కలిపే అదనపు నిమిషాలన్నిటినీ చివరి స్టేషనుకు ముందు పోగుచేస్తే గణాంకాలు బాగుంటాయి, మధ్యలో దిగేవారికి మాత్రం మేలు జరగదు. వాటిని ప్రధాన క్రాసింగులకూ, బండి మారే జంక్షన్లకూ ముందు పంచాలి. స్విట్జర్లాండ్ 1987లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆమోదించిన రైలు పథకంలో జంక్షన్ల మధ్య ప్రయాణ కాలాన్ని అవసరమైనంత మేరకే తగ్గించారు. 2004 డిసెంబరులో కొత్త లైను ప్రారంభమయ్యాక బెర్న్, జూరిచ్ మధ్య ప్రయాణం 56 నిమిషాలకు దిగి, గంటలోపే చేరిన రైలు అక్కడి నుంచి బయలుదేరే ఇతర రైళ్లను అందించగలిగింది.

మరమ్మతుల కోసం విధించే తాత్కాలిక వేగ నియంత్రణ ప్రతిదానికీ తొలగింపు తేదీనీ, బాధ్యుడైన అధికారినీ మొదటి రోజే రాసిపెట్టాలి, లేకపోతే అది ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఇన్ని పనులతో మిగిలిన నిమిషాలను వెంటనే టైమ్‌టేబులు నుంచి కోసివేయకుండా, ఎండకు పట్టాలు సాగే కాలమూ, వానకు గట్టు మెత్తబడే కాలమూ గడిచేదాకా అవే లెక్కలను మళ్లీ సేకరించి, నిలిచిన లాభాన్ని మాత్రమే కొత్త సమయాలుగా ప్రకటించాలి.