చూసిన సినిమా గురించి కొన్ని వాక్యాల్లో అభిప్రాయం రాయడం ఎలా?

శుక్రవారం ఉదయం ఆట ముగియకముందే కొత్త తెలుగు సినిమా మీద అభిప్రాయాలు వెల్లువెత్తుతాయి. అమెరికాలో ముందు రోజే ప్రీమియర్లు చూసినవారి మాటలైతే ఇక్కడ తెల్లవారేసరికే ఫోన్లలో ఉంటాయి. వాటిలో చాలావరకు "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, వన్ టైమ్ వాచ్" అన్న తీరులోనే సాగుతాయి. ఆ మాటలు రాసినవారు తమకు అనిపించినదే రాశారు, అందులో సందేహం లేదు. కానీ ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకుని హాలుకు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషికి ఆ వరుస వల్ల తెలిసేది చాలా తక్కువ. తీర్పు ఒక్క ముక్కలో చెప్పవచ్చు; దానికి ఆధారంగా సినిమాలోని ఒక్క సన్నివేశాన్నైనా చూపిస్తేనే చదివేవారు తమ అభిరుచితో దాన్ని పోల్చుకోగలుగుతారు. ఈ పని అలవాటు చేసుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు, కాస్త శ్రద్ధ చాలు.

మొదటి పని: గుర్తున్నవి వెంటనే రాసిపెట్టుకోవడం

హాలు నుంచి బయటికి రాగానే, స్నేహితులతో చర్చ మొదలుపెట్టకముందే, మనసులో నిలిచిన రెండు మూడు సన్నివేశాలను ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా రాసిపెట్టుకోండి. చర్చ మొదలైతే పక్కవారి మాటలు మన జ్ఞాపకంలో కలిసిపోతాయి, ఏది మనకు అనిపించిందో ఏది వారు అన్నదో తర్వాత తేల్చుకోలేము. ఆట నడుస్తుండగా మాత్రం ఫోన్ తీయవద్దు. ఆ వెలుగు వెనక వరుసలో కూర్చున్నవారందరి కళ్లలో పడుతుంది.

రాసిపెట్టుకున్నదాన్ని అభిప్రాయంగా మార్చడానికి కొన్ని గంటలు ఆగడం మంచిది. అభిమాన హీరో సినిమాను బెనిఫిట్ షోలో చూసినవారికి ఇది మరీ అవసరం. ఈలలు, కేకలు, తెర ముందు ఎగిరే కాగితాల మధ్య సగం మాటలు వినిపించవు, నేపథ్య సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. ఆ సంబరం నిజమైనదే, దాని గురించి రాయవలసిందే. అయితే అది హాలు గురించిన మాట అని స్పష్టంగా చెప్పాలి.

రెండవ పని: ఏ సినిమా, ఎలా చూశారో చెప్పడం

ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది, కానీ వదిలేయకూడదు. పేరు పక్కన సంవత్సరం వేయండి. 'తొలిప్రేమ' పేరుతో 1998లో ఒక సినిమా, 2018లో మరొకటి వచ్చాయి. 'ఖుషి' పేరుతో 2001లో ఒకటి, 2023లో ఇంకొకటి ఉన్నాయి. పాత చిత్రాలు మళ్లీ హాళ్లలో విడుదలవుతున్న ఈ రోజుల్లో సంవత్సరం లేకపోతే దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు. హాలులో చూశారా, ఓటీటీలో చూశారా, మాతృకలో చూశారా, తెలుగు డబ్బింగ్‌లో చూశారా అన్నది కూడా చెప్పాలి. డబ్బింగ్‌లో సంభాషణలు కృతకంగా అనిపిస్తే ఆ లోపం మూల రచయితది కాకపోవచ్చు.

మూడవ పని: ఒక్క సన్నివేశాన్ని పట్టుకోవడం

అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. "నటన అద్భుతం", "సంగీతం బాగుంది", "కథ రొటీన్" అన్న మాటలు ఏ సినిమాకైనా అతుకుతాయి. వేరే సినిమాకు అతకని వాక్యం ఒక్కటి రాయగలిగితే మీ అభిప్రాయం నిలబడుతుంది. 'మాయాబజార్' (1957) చూసి "సావిత్రి గొప్పగా నటించింది" అని రాస్తే అది అందరికీ తెలిసిన మాటే. అదే "శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు ముందే తెలిసినా, ఆ నడకలోని మగతనం, ఎవరో వస్తున్నారనగానే అది సిగ్గుగా మారిపోయే తీరు చూడటానికే ఈ సినిమాకు మళ్లీ వెళ్లవచ్చు" అని రాస్తే, సావిత్రి చేసిన పని కళ్లకు కడుతుంది.

సన్నివేశం ఎంచుకున్నాక, అందులో మీకు నచ్చినది ఎవరి పనో ఒక్క క్షణం ఆలోచించండి. 'మాయాబజార్'లో నౌకావిహారం పాటలోని వెన్నెల నచ్చితే అది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పనితనం. దాన్ని పాట ఖాతాలోనే వేసి ఊరుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. సన్నివేశం ఉండవలసినదానికన్నా ఎక్కువసేపు ఉందనిపిస్తే కూర్పును (ఎడిటింగ్‌ను), మాటలు పేలవంగా ఉంటే రచనను ప్రస్తావించాలి. అన్నిటికీ దర్శకుణ్ణో హీరోనో బాధ్యుణ్ణి చేయడం మన దగ్గర బలంగా పాతుకుపోయిన అలవాటు, దాన్ని వదిలించుకోవడం అవసరం.

ఒక పూర్తి ఉదాహరణ చూద్దాం. వేణు యెల్దండి దర్శకత్వంలో వచ్చిన 'బలగం' చూసిన చాలామంది "ఏడిపించేసింది, తప్పక చూడండి" అని రాశారు. అదే అనుభవాన్ని ఇలా రాయవచ్చు:

"బలగం (2023), ఇంట్లో అందరం కలిసి ఓటీటీలో చూశాము. తెలంగాణ పల్లెలో పెద్దాయన కొమురయ్య చనిపోతే, పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం చుట్టూ కథ నడుస్తుంది. ఎన్నో ఏళ్ల కిందట భోజనాల దగ్గర నల్లిబొక్క (మూలుగ ఉన్న ఎముక) కోసం వచ్చిన మాటపట్టింపు ఒక కుటుంబాన్ని ఎంత దూరం చేసిందో ఆ దినాల్లోనే ఒక్కొక్కటిగా బయటపడుతుంది. తాత పోయిన దుఃఖం కన్నా తన అప్పు, ఆగిపోయిన సంబంధం గురించే ఎక్కువ బాధపడే మనవడు సాయిలుగా ప్రియదర్శి మనకు కోపం తెప్పిస్తూనే దగ్గరవుతాడు. సాయిలు, సంధ్యల పరిచయాన్ని ఇంకాస్త ఓపికగా చూపించి ఉంటే బాగుండేది. ఇంట్లో మాటలు లేని అన్నదమ్ములో, ఆడపడుచులో ఉన్నవారు పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసిన సినిమా."

ఇందులో కథ ఎక్కడ ఆగిందో గమనించండి. కాకి ముట్టలేదన్నది కథకు మొదలు కాబట్టి చెప్పాము. ఆ తర్వాత ఏమైందన్నది సినిమాకే వదిలేశాము.

నాలుగవ పని: కథను కాపాడటం

ఇంటర్వెల్‌కు ముందు తెలిసేది, ట్రైలర్‌లో చూపించినది చెప్పవచ్చన్నది చాలావరకు పనికొచ్చే నియమం. ఇంటర్వెల్ మలుపును మాత్రం బయటపెట్టకూడదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ వరకు దేశమంతటినీ ఊరించింది. రెండవ భాగం విడుదలైన ఉదయాన ఆ జవాబును ఎవరైనా ఒక్క వాక్యంలో రాసిపారేసి ఉంటే, దాన్ని చదివినవారు రెండేళ్లు ఎదురుచూసినదంతా వృథా అయ్యేది. "చివర్లో మలుపు ఊహించలేరు" అని రాయడం కూడా తప్పేనని నా అభిప్రాయం. ఆ మాట చదివినవారు సినిమా అంతా మలుపు కోసమే వెతుకుతారు, చివరికి దాన్ని ముందే పసిగడతారు.

ఐదవ పని: లోపాన్ని చోటు చూపి చెప్పడం

నచ్చనిది దాచనక్కర్లేదు, మెత్తబరచనక్కర్లేదు. "ల్యాగ్" అని వదిలేయకుండా "ఇంటర్వెల్ తర్వాత వచ్చిన ఫ్లాష్‌బ్యాక్ మనకు అప్పటికే అర్థమైనదాన్నే మళ్లీ చెప్పింది" అని రాస్తే అది విమర్శ అవుతుంది. నటీనటుల శరీరం, రంగు, వయసు, కుటుంబం మీద మాటలు విసరడం సినిమా అభిప్రాయం కాదు. వసూళ్ల లెక్కలూ అంతే. సినిమా మీకు నచ్చిందా లేదా అన్నదానికి వాటితో సంబంధం లేదు.

రేటింగ్ ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. 5కి 2.75కూ 3కూ ఉన్న తేడా ఏమిటో మీరే వివరించలేకపోతే ఆ పావుల లెక్క వదిలేసి, "మళ్లీ చూస్తాను", "టీవీలో వస్తే చూస్తాను", "చూడను" అని మూడు మాటల్లో ఒకటి చెప్పడమే మేలు.

ఆరవ పని: ఎవరు చూడవచ్చో చెప్పడం

సినిమా ముందు కొన్ని క్షణాలు కనిపించే సెన్సార్ ధ్రువపత్రాన్ని చాలామంది పట్టించుకోరు. యు అంటే అందరూ, ఏ అంటే పెద్దలు మాత్రమే చూడదగినది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం తర్వాత, పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడదగిన యు/ఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఆ అంకె ఒక్కటి రాసినా తల్లిదండ్రులకు ఉపయోగమే. దానితోపాటు రక్తపాతం ఎంత ఉంది, పిల్లలు భయపడే దృశ్యం ఏ భాగంలో ఉంది అన్నది ఒక్క వాక్యంలో చెబితే వారు నిర్ణయించుకోగలరు.

పంపే ముందు

నటీనటుల పేర్లు, పాత్రల పేర్లు ఒకసారి సరిచూసుకోండి. తెర మీది దృశ్యాన్ని ఫోన్‌తో వీడియో తీసి మీ అభిప్రాయానికి జతచేయవద్దు. హాలులో అనుమతి లేకుండా సినిమాను రికార్డు చేయడం అదే 2023 చట్టం ప్రకారం నేరం, దానికి 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. బొమ్మ కావాలంటే చిత్రబృందం విడుదల చేసిన పోస్టర్‌ను పెట్టుకుంటే సరిపోతుంది.