నీటి కింద రెక్క, నీటి పైన మనిషి: హైడ్రోఫాయిల్ బోర్డును ఎలా ఎంచుకోవాలి?

పుత్తూరు దగ్గర టీ కోసం ఆగినప్పుడు, కారు కప్పుకు తలకిందులుగా కట్టిన నా బోర్డు చుట్టూ ఒక పెద్దాయన తిరిగి చూశారు. దాని మీద నిలువుగా లేచిన స్తంభాన్నీ చివరన ఉన్న రెక్కల్నీ తడిమి, “ఏం నాయనా, ఇది నాగలా?” అని అడిగారు. ఆయన పోలిక నాకు నచ్చింది. నాగలి నేలను చీల్చుకుంటూ కిందికి దిగుతుంది. ఇది, అంటే అడుగున ఫాయిల్ అనే రెక్కలున్న హైడ్రోఫాయిల్ బోర్డు, నీటిని చీల్చుకుంటూ మనిషిని పైకి లేపుతుంది.

తిరుపతిలో సముద్రం లేదు. ఇక్కడి నుంచి ఈ ఆటకు వెళ్లేవారు కొనే ముందే బాగా ఆలోచించుకోవాలి, ఎందుకంటే తప్పు వస్తువు కొంటే పొరుగున అడిగి మార్చుకునే వీలుండదు. నేను ఆ తప్పు చేశాను. సన్నగా, ముచ్చటగా ఉందని 900 చదరపు సెంటీమీటర్ల ముందు రెక్కను పాతది కొన్నాను. నా బరువు 78 కిలోలు. నాలుగు వారాంతాలు ఉప్పునీళ్లు తాగాను తప్ప ఒక్కసారీ పైకి లేవలేదు.

ముందు అది ఎలా లేస్తుందో చూడండి

కాలువ గట్టున కూర్చుని, పారే నీటిలో అరచేతిని బల్లపరుపుగా పెట్టి, ప్రవాహానికి ఎదురుగా ఉన్న అంచును కొద్దిగా పైకి తిప్పండి. చేయి దానంతట అదే పైకి లేస్తుంది. చేయి నీటిని కిందికి మళ్లిస్తోంది, నీరు చేతిని పైకి నెడుతోంది. విమానం రెక్క గాలిలో చేసే పని ఇదే. కాని నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుకే విమానానికి అంత పెద్ద రెక్కలు కావాల్సి వస్తే, మనిషిని లేపడానికి భోజనానికి వేసే అరిటాకంత రెక్క చాలు.

ఒకసారి బోర్డు నీటిని వదిలాక ఒరిపిడి చాలావరకు పోతుంది. అలల కుదుపు కాళ్లకు తెలియదు, చప్పుడు కూడా ఆగిపోతుంది. ఈ ఊహ కొత్తదేమీ కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ బృందం తయారుచేసిన హైడ్రోఫాయిల్ పడవ 1919లోనే గంటకు 114 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గాలిపటంతో లాగే ఫాయిల్ బోర్డుల పోటీ కూడా జరిగింది.

గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటే: వేగం రెట్టింపయితే లేపే బలం నాలుగు రెట్లవుతుంది. తిప్పి చెబితే, తక్కువ వేగంలో లేవాలంటే రెక్క పెద్దది కావాలి. సామానుతో కలిపి 90 కిలోలు లేపడానికి నా 900 రెక్కకు గంటకు 17, 18 కిలోమీటర్ల వేగం కావాలని కాగితం మీద లెక్క వేస్తే తేలింది. అదే 1800 రెక్క అయితే 12, 13 కిలోమీటర్లకే లేస్తుంది. కొత్తవాడికి ఈ తేడాయే ఆకాశానికీ నేలకూ ఉన్నంత దూరం. కొనే ముందు ఐదు నిమిషాలు ఈ లెక్క వేసుకుని ఉంటే నా డబ్బు మిగిలేది.

వెనక ఒక చిన్న రెక్క ఉంటుంది. అది సాధారణంగా పైకి లేపదు, తోకను కిందికి నొక్కుతుంది. ఆడికృత్తికకు కావడి ఎత్తేవారిని చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ముందు రెక్క భుజం లాంటిది, మీ బరువు ఒక వైపు బుట్ట, వెనక రెక్క ఇంకో వైపు బుట్ట. చిక్కేమిటంటే వేగం పెరిగేకొద్దీ రెక్కల బలాలు పెరుగుతాయి, మీ బరువు మాత్రం పెరగదు. ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు ముందు కాలి మీద బరువు వేయాలి. కొత్తవారు భయంతో వెనక్కి వాలతారు, బోర్డు ఇంకా పైకి పోతుంది, రెక్క నీటి పైకి వచ్చి గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో లేపే బలం మాయమై మనిషి కింద పడతాడు.

ఎంచుకోవలసిన వరుస

దుకాణంలో అందరి చూపూ బోర్డు రంగు మీద పడుతుంది. నిజానికి దాన్ని చివర చూడాలి.

మొదట మిమ్మల్ని లాగేది ఏమిటో తేల్చుకోండి. అలల మీద పడుకుని చేతులతో ఈది లేచే పద్ధతికి మంచి అలలు, ఓపిక కావాలి. తెరచాపలా గాలిని పట్టి లాగే, గాలి నింపిన రెక్కను చేతిలో పట్టుకునే పద్ధతికి గాలి చాలు. 70 కిలోల మనిషికి గంటకు 28 కిలోమీటర్ల గాలిలో 5 చదరపు మీటర్ల చేతి రెక్క సరిపోతుంది. మోటారు బోర్డులు సులువు, కాని బరువు, ధర రెండూ ఎక్కువే. తిరుపతి నుంచి నెలకు ఒకటి రెండు సార్లు వెళ్లేవారికి నా ఓటు చేతి రెక్కకే. మంచి అల కోసం రోజంతా ఎదురుచూసి తిరిగి రావడం కంటే అది మేలు.

తర్వాత ముందు రెక్క. చేతి రెక్కతో నేర్చుకునే 70, 80 కిలోల వారికి 1700 నుంచి 2000 చదరపు సెంటీమీటర్లు తీసుకోండి. వైశాల్యంతో పాటు ఆకారమూ అడగండి. 1700 రెక్క 90 సెంటీమీటర్ల పొడవుంటే పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. తిప్పితే తిరుగుతుంది, తప్పు చేసినా ఓర్చుకుంటుంది. అదే వైశాల్యం 115 సెంటీమీటర్ల పొడవులో సాగితే దూరం బాగా జారుతుంది, కాని పక్కకు వంచడం కష్టం. మొదటిదానికి పొట్టిదే మంచిది.

స్తంభాన్ని మాస్ట్ అంటారు. 60 నుంచి 75 సెంటీమీటర్లు ఉన్నది నేర్చుకోవడానికి బాగుంటుంది. పైకి లేచినా పడే ఎత్తు తక్కువ. అలలు ఎగుడుదిగుడుగా ఉండే నీటికి తర్వాత 80, 90కి వెళ్లవచ్చు. అల్యూమినియంది చాలు. కార్బన్‌ది తేలికగా, గట్టిగా ఉంటుంది గాని మొదటి ఏడాది ఆ తేడా మీ కాలికి తెలియదు.

ఇక బోర్డు. చేతి రెక్క ఆటకు మీ బరువు కిలోల అంకెకు 30 నుంచి 40 కలిపి అన్ని లీటర్ల బోర్డు తీసుకోండి. 70 కిలోలకు 100 నుంచి 110 లీటర్లు. పాత సామాను కొంటే మాస్ట్ పాదం, బోర్డు అడుగున ఉన్న గాడులు ఒకదానికొకటి సరిపోతాయో లేదో అమ్మేవారి ముందే బిగించి చూడండి. ఒక కంపెనీ రెక్క ఇంకో కంపెనీ మాస్ట్‌కు తరచుగా సరిపోదు.

ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి

పులికాట్ దగ్గరే కదా అనిపిస్తుంది. వద్దు. అది పక్షుల అభయారణ్యం. పైగా సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు, మాస్ట్ బురదలో దిగబడుతుంది. కల్యాణి డ్యామ్ తాగునీటిది, దాన్ని తలచుకోనే వద్దు. చెన్నై దాటాక ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉన్న కోవళం సర్ఫింగ్‌కు పేరున్న ఊరు. అక్కడ మామూలు సర్ఫింగ్ బోర్డు మీద కొన్నాళ్లు నిలబడటం నేర్చుకుని, ఆ తర్వాతే ఫాయిల్ ఎక్కండి. ఏ ఊళ్లో దిగినా ముందు మత్స్యకారులను పలకరించండి. అలివి వల లాగుతున్న చోటికి మాస్ట్‌తో వెళితే వాళ్ల వలా పోతుంది, మీ పరువూ పోతుంది.

మొదటి రోజు ఎగరవద్దు. వెనక పాదం మాస్ట్‌కు సరిగ్గా పైన, ముందు పాదం కొంచెం ముందుకు పెట్టి, మోకాళ్లు వంచి, బోర్డును నీటి మీదే అణచిపెట్టి నడపండి. అది అలవాటయ్యాక ముందు కాలి బరువు రవ్వంత తగ్గించి జానెడు లేచి వెంటనే దిగండి. అలా పాతికసార్లు. ఎగరడం కంటే దిగడమే అసలు విద్య. తర్వాత మాస్ట్ సగం ఎత్తులో నిలకడగా ఉండటం. చూపు పాదాల మీద కాదు, ఎదుట ఉండాలి.

పడేటప్పుడు బోర్డు నుంచి దూరంగా, పక్కకు పడండి. మీద పడితే రెక్క అంచు కత్తిలా కోస్తుంది. నీటిలో తలను చేతులతో కప్పుకుని, కాళ్లు కిందికి తన్నకుండా పైకి రండి. హెల్మెట్, దెబ్బ ఆపే జాకెట్ లేకుండా దిగవద్దు. ఈత కొట్టేవారు ఉన్నచోట అసలే వద్దు.

ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది, ఒళ్లు హూనమై ఉంటుంది. అయినా రెక్కలూ మాస్టూ విప్పి మంచినీటితో కడగండి, స్క్రూలకు గ్రీజు రాయండి. అల్యూమినియంలో ఉక్కు స్క్రూ, మధ్యలో ఉప్పు ఉంటే ఆ మూడూ కలిసి తుప్పుతో అతుక్కుపోతాయి. నా మొదటి మాస్ట్‌లో ఒక స్క్రూ ఇప్పటికీ లోపలే ఉంది. రేణిగుంటలో లేత్ పనివాడు దాన్ని చూసి నవ్వి తిరిగి ఇచ్చేశాడు.