ప్రెజెంటేషన్ ఇచ్చేటప్పుడు చేతుల్ని ఎలా వాడాలి? ఎక్కడ ఆపాలి?

వేదిక ఎక్కేదాకా చాలామందికి తమకు రెండు చేతులున్న సంగతే గుర్తుండదు. ఎక్కగానే ఒకరు వాటిని జేబుల్లో దూర్చేస్తారు. ఇంకొకరు తనిఖీకొచ్చిన ఆఫీసరులా వెనక్కి కట్టుకుంటారు. మూడో రకంవాళ్లు మొదటి స్లైడు నుంచి ధన్యవాదాల స్లైడు దాకా గాలిలో పిండి కలుపుతూనే ఉంటారు. ఈ మూడో రకాన్ని తయారు చేస్తున్నది ఎక్కువగా శిక్షణ తరగతులే. 'చేతులు వాడండి' అని వందసార్లు చెప్పేవాళ్లు ఎక్కడ ఆపాలో ఒక్కసారీ చెప్పరు.

కావలసినవి

స్లైడులు మార్చే క్లిక్కరు, వీడియో తీసుకోవడానికి ఫోను, దాన్ని ఆనించడానికి నీళ్ల సీసా. చీర కట్టుకునేవాళ్లు పైటకు పిన్ను పెట్టుకోవాలి, లేకపోతే ఒక చెయ్యి పైట సర్దడానికే పోతుంది. గాజులు, వదులుగా ఉన్న గొలుసు వాచీ తీసెయ్యండి. కాలర్ మైకు దగ్గరకు చెయ్యి వచ్చినప్పుడల్లా వాటి గలగల హాలంతా వినిపిస్తుంది.

నిర్వాహకుల్ని ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇచ్చేది చేతి మైకా, కాలర్ మైకా? చేతి మైకైతే ఒక చెయ్యి లేనట్టే లెక్కేసుకుని, ఇంట్లో చపాతీ కర్ర పట్టుకుని ఒంటి చేత్తోనే సాధన చెయ్యండి. క్లిక్కరు చిడతలు కాదు, తాళం వెయ్యకండి.

1. చేతులకు ఒక స్థానం ఇవ్వండి

బొడ్డుకు కాస్త పైన, ఒక అరచేతిలో రెండో చేతి వేళ్లు వదులుగా పెట్టండి. మోచేతులకూ నడుముకూ మధ్య బెత్తెడు సందు ఉండాలి. వేళ్లు పెనవేయొద్దు. పెనవేస్తే విడదీసుకునేలోపు మాట దాటిపోతుంది. పొట్ట కింద చేతులు కట్టుకుంటే దొరగారి ముందు నిలబడ్డట్టుంటుంది.

జర్మనీ చాన్సలర్‌గా పనిచేసిన ఏంజెలా మెర్కెల్ వేళ్ల కొసలు ఆనించి వజ్రం ఆకారంలో పట్టుకునేవారు. 2013 ఎన్నికల్లో ఆమె పార్టీ ఆ చేతుల్నే బెర్లిన్‌లో భారీ హోర్డింగుగా పెట్టింది. అది ఆమెకు నప్పింది. అమ్మకాల రిపోర్టు చదివేవాళ్లు పట్టుకుంటే ఏదో కుట్ర పన్నుతున్నట్టుంటుంది.

2. హద్దు గీసుకోండి

కింద బొడ్డు, పైన భుజాలు. పదిమంది ఉన్న గదిలో మోచెయ్యి కదిలితే చాలు, మూడొందల మంది హాలులో భుజం నుంచే కదలాలి. ఎన్నికల సభలో నాయకుడు తలమీదికి చెయ్యెత్తి ఊపేది మైదానం చివర నిలబడ్డవాళ్ల కోసం. అదే ఊపు పన్నెండు కుర్చీల గదిలో ఊపితే ముందు కూర్చున్నవాళ్లు కుర్చీ వెనక్కి జరుపుకుంటారు.

3. ఏ మాటలకో ముందే ఎంచుకోండి

20 నిమిషాల ప్రసంగానికి ఐదు సైగలు, మరీ కావాలంటే ఆరు. పెరిగింది, తగ్గింది, ఇటు ఇది, అటు అది, మొదట, తర్వాత: ఇలా చెయ్యి చూపిస్తే నిజంగా అర్థం పెరిగే మాటల్నే ఎంచుకుని నోట్సులో వాటి కింద గీత గీయండి. 'నిజాయితీ', 'నాణ్యత', 'నిబద్ధత' లాంటి మాటలకు సైగ కనిపెట్టాలని చూడకండి. గుండె మీద చెయ్యి వేసుకోవడం తప్ప ఇంకేమీ తోచదు. మిగతా చిన్న కదలికలు మాట వెంట వాటంతటవే వస్తాయి.

4. మాటమీద చెయ్యి పడాలి

నూటికి తొంభైమంది పాడుచేసేది ఇక్కడే. సైగలో మూడు భాగాలుంటాయి: చెయ్యి లేవడం, పడడం, వెనక్కి రావడం. అర్థమంతా మధ్యలోని 'పడడం'లో ఉంది. మామూలుగా కబుర్లు చెప్పుకునేటప్పుడు ఆ దెబ్బ సరిగ్గా మాటతోపాటుగానో, రవ్వంత ముందుగానో పడుతుందని సైగల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఆడమ్ కెండన్, డేవిడ్ మెక్‌నీల్ లాంటివాళ్లు గమనించారు. మాట తర్వాత పడదు. బట్టీపట్టిన సైగ మాత్రం ఎప్పుడూ తర్వాతే వస్తుంది, ఎందుకంటే నోరు మాట అన్నాక 'ఆ, ఇక్కడ చెయ్యి ఊపాలి కదా' అని గుర్తొస్తుంది. వినేవాళ్లకు కారణం తెలియదు కానీ ఏదో నాటకమన్న సంగతి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి చెయ్యి లేపడం ఆ మాటకు ముందున్న మాట దగ్గరే మొదలుపెట్టండి.

తెలుగులో మాట్లాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. 'అమ్మకాలు సగానికి పడిపోయాయి' అన్నప్పుడు, పడిపోవడం క్రియ కదా అని 'పడిపోయాయి' దగ్గర చెయ్యి దించుతారు. అప్పటికే 'సగానికి' వెళ్లిపోయింది. వినేవాడికి కావలసింది ఆ సగమే. చెయ్యి 'సగానికి' మీద పడాలి, 'పడిపోయాయి' అన్నంతసేపూ అక్కడే ఉండాలి. ఇంగ్లిషులో ఇదే విషయం చెబితే 'ఫెల్' ముందు వచ్చి 'హాఫ్' చివరికి పోతుంది. తెలుగులో సాధన చేసి ఇంగ్లిషులో ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్ల చేతులు తడబడేది ఇందుకే. ఏ భాషలో మాట్లాడబోతున్నారో ఆ భాషలోనే సాధన చెయ్యండి.

దెబ్బ ఎక్కడ పడాలో తేలకపోతే ఒక గుర్తుంది. వాక్యంలో ఒత్తి పలికే 'ఏ' ఎక్కడ వస్తుందో వెతకండి. 'మనమే ఆలస్యం చేశాం' అంటే తప్పు మనది, చెయ్యి 'మనమే' దగ్గర గుండెవైపు రావాలి. 'మనం ఆలస్యమే చేశాం' అంటే పని చేశాం, వేళకు చేయలేదంతే. చెయ్యి 'ఆలస్యమే' మీద ముందుకు వెళ్లాలి. రెండో వాక్యం అంటూ 'మనం' దగ్గర గుండె తట్టుకున్నారో, నోరు ఒకటి చెప్పి చెయ్యి ఇంకోటి చెప్పినట్టే. కాగితం మీద 'ఏ' లేకపోతే పైకి చదివి చూడండి. గొంతు ఎక్కడ ఒత్తితే అదే చోటు.

దెబ్బ పడ్డాక ఆపడం ఇంకా కష్టం. చెయ్యి పడగానే వేడి పెనం తగిలినట్టు వెనక్కి లాగేస్తారు. వాక్యం పూర్తయి, ఇంకో ఊపిరి తీసుకునేదాకా చెయ్యి అక్కడే ఉండాలి. లోపల 'ఒకటి, రెండు' అనుకోండి. మీకు యుగంలా అనిపిస్తుంది, ఎదుటివాళ్లకు మామూలుగానే ఉంటుంది. ఆగకుండా ఆడే చెయ్యి ఫ్యాను లాంటిది, రెండు నిమిషాల తర్వాత దాన్నెవరూ చూడరు. ఇంకోటి, ఒకే సైగను ఒకే వాక్యంలో రెండుసార్లు కొట్టకండి. వంటింట్లో ఉల్లిపాయలు తరిగినట్టు మాటమాటకూ అరచెయ్యి కొట్టేవాళ్లకు ఇక ముఖ్యమైన మాట వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు.

ఒక్క వాక్యం పట్టుకుని చేసి చూడండి: 'నిరుడు నెలకు నలభై ఫిర్యాదులు వచ్చేవి. ఈ ఏడు పన్నెండే వస్తున్నాయి.' 'నిరుడు' అంటుండగా కుడిచెయ్యి లేవాలి. 'నలభై' దగ్గర భుజం ఎత్తున, మీ కుడివైపు, అరచెయ్యి నేలవైపు చూస్తూ ఆగాలి. 'వచ్చేవి' అయ్యేదాకా కదలకూడదు. 'ఈ ఏడు' అన్నప్పుడు అదే చెయ్యి అదే ఎత్తులో ఒంటి ముందు నుంచి ఎడమకు జరగాలి. 'పన్నెండే' దగ్గర బొడ్డు ఎత్తుకు దిగి ఆగాలి. 'వస్తున్నాయి' అయ్యాక ఒక ఊపిరి, ఆ తర్వాతే వెనక్కి. దారిలో చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి జారితే 'పన్నెండే' వచ్చేసరికి దిగడానికి చోటుండదు, దెబ్బ చప్పగా పోతుంది. పదిసార్లు చెయ్యండి. ఏడో ఎనిమిదోసారికి చెయ్యి దానంతటది ముందే లేవడం మొదలవుతుంది.

5. మీ కుడి వాళ్లకు ఎడమ

పై ఉదాహరణలో నిరుడును కుడివైపు ఎందుకు పెట్టించామంటే, ఎదురుగా కూర్చున్నవాళ్లకు అది ఎడమ. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, గ్రాఫులోనూ పాత సంవత్సరం ఎడమవైపే ఉంటుంది. మీకు సహజంగా తోచినట్టు ఎడమ నుంచి కుడికి చెయ్యి ఎత్తితే, స్లైడులో ఎక్కుతున్న గీత మీ చేతిలో వాళ్లకు దిగుతూ కనిపిస్తుంది. అలాగే ఒక ప్రతిపాదనను కుడివైపు, రెండోదాన్ని ఎడమవైపు 'పెట్టాక' చివరిదాకా వాటి చోటు మార్చకండి.

తెరకు ప్రేక్షకుల ఎడమవైపున నిలబడండి. అప్పుడు తెర మీ ఎడమచేతి పక్కన ఉంటుంది, ఆ చేత్తోనే చూపించాలి. ఎడమచెయ్యి మర్యాద కాదేమోనని కుడిచేత్తో చూపించబోయి జనానికి వీపు తిప్పేవాళ్లు చాలామంది. తెరకు ఎడమచెయ్యి పరవాలేదు, మనుషులకు మాత్రం కుడిచెయ్యే. కూచిపూడిలో చెయ్యి ఎటు వెళితే చూపూ అటే వెళ్లాలి. ఇక్కడ చూపు ఒక్క క్షణం తెరవైపు వెళ్లి మనుషుల మీదికి వచ్చెయ్యాలి, మాట అప్పుడే మొదలవ్వాలి. లేజర్ పాయింటరు వద్దే వద్దు. చేతి వణుకును పదింతలు చేసి గోడమీద చూపించే యంత్రమది.

6. అంకెలు, వేళ్లు

మనలో చాలామంది బొటనవేలితో కణుపులు లెక్కపెడతారు. కూరగాయల లెక్కకు అది బాగుంటుంది కానీ రెండో వరుసకు ఏమీ కనిపించదు. అరచెయ్యి జనంవైపు ఉంచి, భుజం ఎత్తున, చూపుడువేలు నుంచి ఒక్కొక్కటీ తెరవండి. ఐదు దాటితే వేళ్లు మానేసి స్లైడు చూపించండి. బ్రిటన్‌వాళ్లు ఉన్న సభలో చేతి వెనకభాగం వాళ్లవైపు పెట్టి 'రెండు' చూపించకండి, అక్కడ అది బూతు.

మనిషిని వేలితో చూపించకూడదు. 'వేలెత్తి చూపడం' అన్నదానికి తెలుగులో ఉన్న అర్థమే అందుకు చాలు. అరచెయ్యి పైకి తెరిచి, నాలుగు వేళ్లూ కలిపి చూపించండి.

7. అద్దం వద్దు, ఫోను చాలు

అద్దం ముందు సాధన చెయ్యమనేవాళ్ల మాట వినకండి. అద్దం కుడి ఎడమల్ని తారుమారుగా అలవాటు చేస్తుంది. పైగా మాట్లాడుతూ మిమ్మల్ని మీరు చూసుకుంటుంటే చెయ్యి తప్పకుండా ఆలస్యమవుతుంది. ఫోనును ఛాతీ ఎత్తున, ఆరడుగుల దూరంలో పెట్టి, వెనక కెమెరాతో మూడు నిమిషాలు తీసుకోండి. మొదటిసారి ధ్వని ఆపేసి చూడండి. చెయ్యి ఎక్కడ ఆగిందో చెప్పలేకపోతే అది ఎక్కడా ఆగలేదన్నమాట. రెండోసారి ధ్వనితో చూస్తూ, గీత గీసుకున్న మాటల దగ్గర మాత్రం గమనించండి.

ఆన్‌లైన్ అయితే

కెమెరాకు ఛాతీ దాకానే కనిపిస్తుంది కాబట్టి హద్దు కుదించి చేతుల్ని ఛాతీ ముందుకు తెచ్చుకోవాలి. కెమెరావైపు చాస్తే అరచెయ్యి ముఖమంత అవుతుంది, పక్కలకే కదపండి. జూమ్‌లో మీకు కనిపించే మీ బొమ్మ మామూలుగా అద్దంలోలా తిరగేసి ఉంటుంది, ఎదుటివాళ్లకు మామూలుగానే కనిపిస్తుంది. అందుకని పైన చెప్పిన కుడి ఎడమల సూత్రం ఇక్కడా మారదు. 2023లో వచ్చిన మ్యాక్ఓఎస్ సొనోమా, ఐఓఎస్ 17 సాఫ్ట్‌వేర్ల నుంచి కొన్ని ఆపిల్ పరికరాలు సైగల్ని వాటంతటవే గుర్తుపట్టి బొమ్మలు వేస్తున్నాయి. రెండు వేళ్లు చూపిస్తే బెలూన్లు, రెండు బొటనవేళ్లు పైకెత్తితే బాణాసంచా. నష్టాల గురించి చెబుతూ 'రెండు కారణాలు' అని వేళ్లు ఎత్తేముందు, వీడియో మెనూలో రియాక్షన్స్ ఆపేసుకోండి.

ప్రశ్నలు మొదలయ్యాక

అడిగేవాళ్లవైపు కుడి అరచెయ్యి ఒక్కసారి తెరిచి, చేతుల్ని మొదటి స్థానానికి తెచ్చేయండి. ప్రశ్న పూర్తయ్యేదాకా అవి అక్కడి నుంచి కదలకూడదు. సగం ప్రశ్నకే చెయ్యి లేచిందంటే, 'ఇక చాలు, నాకు అర్థమైంది' అని మధ్యలో అడ్డుపడ్డట్టే.