తెలుగు సినిమా చరిత్ర రాయాలనుకునే జర్నలిస్టులకి

ముందే చెప్తున్నా, చరిత్ర ఒక్కటే రాసుకుంటూ ఇల్లు గడవదు. ఏ పేపర్లోనో ఛానల్లోనో వెబ్‌సైట్లోనో సినిమా బీట్‌లో చేరండి, ప్రెస్‌మీట్లు, ఆడియో ఫంక్షన్లు, రివ్యూలు అన్నీ చేయాల్సొస్తుంది, పర్లేదు, సినిమా ప్రచారం చూసే పీఆర్వోలు, మేనేజర్లు, పాత టెక్నీషియన్లు పరిచయమయ్యేది అక్కడే. గ్రాస్‌కీ (టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూలు) షేర్‌కీ (పన్నులు, హాలు ఖర్చులు పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది) తేడా, ఒక్కో ప్రాంతంలో సినిమా ఆడించుకునే ఏరియా హక్కులు ఎలా అమ్ముతారో కూడా అక్కడే వంటబడుతుంది.

ఇక అసలు పని. ఎవరో రాసింది చూసి మళ్లీ రాయకండి, తేదీ ఉన్న కాగితం వెతకండి. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న రిలీజైందని ఏళ్ల తరబడి అందరూ రాశారు, పండగ కూడా చేశారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వితే సెన్సారైంది 1932 జనవరి 22న అని, బొంబాయి కృష్ణా సినిమాలో ఫిబ్రవరి 6న విడుదలైందని తేలింది. సెన్సార్ కాకుండా నాలుగు నెలల ముందే బొమ్మ ఎలా పడుతుంది చెప్పండి?

మరి కాగితాలెక్కడ అంటే, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం, పుణె ఫిల్మ్ ఆర్కైవ్. పాత పాటల పుస్తకం దొరికితే వదలకండి, కథాసంగ్రహం, నటీనటులు, టెక్నీషియన్ల పేర్లు అందులోనే ఉంటాయి. ఆ తర్వాత పేపర్ యాడ్స్. రిలీజ్ రోజు యాడ్‌లో ఏ ఊళ్లో ఏ థియేటరో ఉంటుంది, దాంతో ఆగకుండా వారం వారం యాడ్స్ పక్కపక్కన పెట్టుకుని చూడండి, మొదటి వారం ఉన్న థియేటర్ ఏడో వారానికి మాయమై అదే ఊళ్లో ఇంకో హాలు పేరు కనిపిస్తే అది షిఫ్టింగ్ అన్నమాట, రేపు ఎవరైనా ‘డైరెక్ట్‌గా వంద రోజులు’, అంటే హాలు మారకుండా వంద రోజులు ఆడిందంటే మీ దగ్గర జవాబుంటుంది. ఫ్యాన్స్ తిడతారు, తిట్టనివ్వండి.

పెద్దవాళ్ల ఇంటర్వ్యూకి వెళ్తే ‘ఆ సినిమా గురించి చెప్పండి సార్’ అని అడక్కండి, సభల్లో వందసార్లు చెప్పిందే మళ్లీ చెప్తారు. ఒక వర్కింగ్ స్టిల్, అంటే షూటింగ్ జరుగుతుండగా తీసిన ఫొటో, పట్టుకెళ్లి చేతికిచ్చి ‘మీ పక్కన నిలబడ్డాయన ఎవరండీ’ అని అడిగి ఊరుకోండి. కళ్లజోడు సవరించుకుంటారు, పేరొస్తుంది, ఆ వెనకే సెట్ వేసిన స్టూడియో ఫ్లోర్, ఇవ్వకుండా ఎగ్గొట్టిన డబ్బులు, అన్నీ వస్తాయి. హీరోల కన్నా ఎడిటర్లు, మేకప్‌మెన్లు, ప్రొడక్షన్ మేనేజర్ల దగ్గరికే ముందు వెళ్లమంటాను నేను, వాళ్లని ఎవరూ అడగరు కాబట్టి. వాళ్లు చెప్పిందీ కాగితంతో సరిచూడాల్సిందే, జ్ఞాపకంలో సంవత్సరాలు తారుమారవడం మామూలే. రెండూ కలవకపోతే రెండూ రాయండి.

ఒక్క జాగ్రత్త: పీఆర్ డబ్బు తీసుకుంటే ఆ సినిమా రివ్యూ మాత్రం రాయొద్దు.

లైబ్రరీలో ఫొటో తీసేటప్పుడు మీకు కావాల్సిన యాడ్ ఒక్కటే కాకుండా పేపర్ పేరు, తేదీ ఉన్న పైభాగం కూడా తీయండి, ఫైల్‌కి అప్పటికప్పుడే పేరు పెట్టండి, ఇంకో చోట కాపీ ఉంచండి.