పరుగెత్తే పిల్లల కాలినొప్పి: తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

800 మీటర్ల నుంచి 5 కిలోమీటర్ల దాకా పరుగెత్తే పిల్లలు కాలు నొప్పి అనగానే స్ప్రే కొట్టి మళ్లీ గ్రౌండులోకి పంపేయడం మనకు అలవాటు. అంతకంటే ముందు, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి. తర్వాత ఫోన్‌ను పక్క నుంచి, మోకాలి ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయండి. మొదటి రౌండులో ఒకటి, చివరి రౌండులో ఒకటి. ఊపు మీదున్నప్పుడు అందరి పరుగూ బాగానే కనిపిస్తుంది. అలిసిపోయాకే అసలు సంగతి బయటపడుతుంది.

వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆడపిల్లలు 12 ఏళ్లకు, మగపిల్లలు 14కు అటూఇటూగా గబగబా ఎత్తు పెరుగుతారు. ఎముక ముందు పెరిగిపోతుంది, కండరం, దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ కాస్త వెనకబడతాయి. టెండన్ అతుక్కునే చోట ఎముక ఇంకా లేతగానే ఉంటుంది. పెద్దవాళ్లకు టెండన్‌లో వచ్చే నొప్పి పిల్లలకు ఎక్కువగా ఆ అతుకు దగ్గర వచ్చేది అందుకే.

మోకాలి చిప్ప కింద బుడిపె, నొక్కితే నొప్పి

గొంతుక్కూర్చోలేరు, మెట్లు దిగేటప్పుడు మొహం చిట్లిస్తారు. 1903లో ఆస్గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా వివరించిన సమస్య ఇది, ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. తొడ ముందు కండరం లాగిన ప్రతిసారీ భారం ఆ బుడిపె మీదే పడుతుంది.

వీడియోను పాదం నేలను తాకిన క్షణం దగ్గర ఆపండి. పాదం మోకాలికన్నా బాగా ముందుకు పోయి, మడమతో బ్రేకు వేసినట్టు పడుతుంటే కారణం దొరికినట్టే. కొత్తగా కాళ్లు పొడవైన పిల్లలు అడుగు సాగదీస్తే కలిసొస్తుందనుకుంటారు. ‘పెద్ద అడుగు వెయ్‌రా’ అని గట్టు మీద నుంచి అరిచే పెద్దమనుషులు దీనికి తోడు.

పాదం ఎక్కడ పెట్టాలో పిల్లలకు చెప్పి లాభం లేదు, పరుగు బిగుసుకుపోతుంది. అడుగుల లెక్క మార్చండి. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి 4తో గుణించండి. 38 వస్తే నిమిషానికి 152 అడుగులు. అదే వేగంతో పరుగెత్తుతూ 38ని 40 చేయమనండి. 5 శాతం పెరిగినా అడుగు పొట్టిదై పాదం దానంతటదే ఒంటి కిందికి వస్తుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. అందరూ చెప్పే 180 వెంట పడొద్దు. ఆ అంకె 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మేటి రన్నర్లు పోటీ వేగంతో వేసిన అడుగుల లెక్కలోంచి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లాడి నెమ్మది జాగింగ్‌కు దాంతో పని లేదు.

దీనికి తోడు బడిలో శిక్షగా వేయించే గోడకుర్చీ ఇక్కడ మందులా పనిచేస్తుంది. నొప్పి పెట్టనంత ఎత్తులో 30 నుంచి 45 సెకన్లు, నాలుగైదు సార్లు. పరుగు పూర్తిగా మానేయాల్సిన అవసరం చాలామందికి రాదు. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాడు పొద్దుటికి సర్దుకునేంత వరకు తగ్గించుకుంటే చాలు.

మడమ వెనక నొప్పి, మునివేళ్ల మీద నడక

ఇది 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే అదిరిపడతారు. పిక్క కండరం బిగుసుకుని, లేత మడమ ఎముకను లాగుతోందన్నమాట. వీళ్లను ముందు పాదం మీద పరుగెత్తమంటే ఆ లాగుడు ఇంకా ఎక్కువవుతుంది. రెండు బూట్లలోనూ మడమ కింద మెత్తటి ప్యాడ్ పెట్టండి, కొన్నాళ్లు గెంతులు, స్ప్రింట్లు, వట్టికాళ్ల పరుగు ఆపండి.

పిక్క పట్టేయడం, పొద్దున్నే మడమ పైన టెండన్ బిగుసుకోవడం

ఇది 15 దాటినవాళ్లలో, అదీ వీడియోలు చూసి ఉన్నట్టుండి ముందు పాదానికి మారినవాళ్లలో చూస్తాం. మడమ మీద పడే పరుగు మోకాలికి ఎక్కువ పని పెడుతుంది. ముందు పాదం మీద పడితే ఆ పని పిక్కకూ దాని టెండన్‌కూ బదిలీ అవుతుంది. పరుగులో ఆ టెండన్ మీద పడే బలం ఒంటి బరువుకు ఆరేడు రెట్లు. నొప్పి లేనివాడి పాదాన్ని మార్చడం నా దృష్టిలో కొరివితో తల గోక్కోవడమే. మారినవాళ్లు పాత పద్ధతికి వెళ్లి, మెట్టు అంచున నిలబడి మడమలు లేపి నెమ్మదిగా దించే వ్యాయామం మొదలుపెట్టాలి. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కాస్త వంచి కొన్ని. తగ్గడానికి వారాలు కాదు, నెలలు పట్టొచ్చు.

కాలి ముందెముక లోపలి అంచున నొప్పి

అగ్నివీర్ 1.6 కిలోమీటర్ల పరుగు కోసం తారు రోడ్డు మీద ఒక్కసారిగా మొదలుపెట్టే 17 ఏళ్ల కుర్రాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు. మొదటి కారణం దూరం గబుక్కున పెంచడమే, పరుగెత్తే తీరు ఆ తర్వాతే. వెనక నుంచి వీడియో తీస్తే కొందరి పాదాలు తాడు మీద నడిచినట్టు ఒకే గీత మీద పడుతుంటాయి. దాంతో పాదం లోపలికి వాలి, ఎముకను వంచే ఒత్తిడి పెరుగుతుంది. ట్రాక్ మీది 5 సెంటీమీటర్ల తెల్లగీతకు అటొక పాదం, ఇటొక పాదం పడేలా పరుగెత్తించండి. ట్రాక్ లేకపోతే సున్నంతో గీసుకోవచ్చు. వార్మప్ రౌండ్లు అప్పుడప్పుడు ఎదురు దిశలో తిప్పితే వంపుల్లో భారం ఎప్పుడూ ఒకే పక్క పడదు.

చివరి రౌండులో నడుము ఒక పక్కకు జారి మోకాలు లోపలికి వస్తుంటే తుంటి కండరాలు చాలడం లేదని. సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి, మోచేయి మీద ఒంటిని నిటారుగా లేపి ఉంచడం), ఒంటికాలి స్క్వాట్ (ఒక్క కాలి మీద కూర్చుని లేవడం) వారానికి రెండు మూడు సార్లు చేయించండి.

ఇంట్లో చూసుకోకూడనివి

ముందెముక పొడవునా బొటనవేలితో నొక్కుతూ రండి. జానెడు మేర నొప్పి ఉంటే పైన చెప్పిన సమస్యే కావచ్చు. ఒకే ఒక్క చోట ప్రాణం లేచిపోయేంత నొప్పి ఉంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముక చిట్లిందేమో అనుమానించాలి. పరుగు ఆ రోజే ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. ఇలాంటి చిట్లు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, అవసరమైతే ఎమ్మారై రాస్తారు. నెలసరి మూడు నెలలుగా ఆగిపోయిన అమ్మాయి అయితే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. పరుగుకు తగ్గ తిండి అందక ఎముక బలహీనపడి ఉండొచ్చు, అడుగుల లెక్క మార్చినంత మాత్రాన అది బాగుపడదు.