అతికించిన జుట్టు తీయడం: బంక మిగలకుండా

సవరం అయితే రాత్రికి విప్పి మేకుకి తగిలించేస్తాం. జిగురుతో అతికించిన ఎక్స్‌టెన్షన్లు అలా ఊడిరావు. పెట్టించుకోవడానికి రెండు గంటలు పట్టిందంటే తీయడానికి మూడు గంటలైనా పెట్టుకోవాలి. ఆ చివరి గంట మిగుల్చుకుందామని తొందరపడినవాళ్లకే తలలో బంక మిగులుతుంది.

ముందు మీ తలలో ఉన్నది ఏ జిగురో చూసుకోండి. ఒక్కో పాయ మొదట్లో బియ్యపు గింజంత గట్టి ముద్ద విడివిడిగా తగులుతుంటే అది కెరాటిన్ బాండ్. బొటనవేలి పొడవున్న రెండు పల్చటి పట్టీల మధ్య మీ జుట్టు ఇరుక్కుని ఉంటే టేప్. జుట్టుని పట్టీలా కలిపి కుట్టిన పొడవాటి వరసకి రబ్బరులా సాగే పదార్థం అంటుకుని ఉంటే లేటెక్స్ గ్లూ. మొదటి రెండింటికి ఆల్కహాల్‌తో చేసిన రిమూవర్ (జిగురు కరిగించే ద్రవం) కావాలి, మూడోదానికి నూనె చాలు.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. జుట్టు చిక్కుపడిందనగానే చెయ్యి కొబ్బరినూనె సీసా మీదకి వెళ్తుంది. లేటెక్స్‌కి అది మంచిదే. కెరాటిన్ బాండ్ మీద నూనె రాస్తే మాత్రం పైన పొరలా నిలిచిపోయి, ఆ తర్వాత వేసే రిమూవర్‌ని లోపలికి పోనివ్వదు. టేప్ మీద రాస్తే జిగురు సగం మెత్తబడి, పట్టీతో ఊడిరాకుండా జుట్టుకే పులుముకుపోతుంది. అందుకే తీయడానికి రెండు రోజుల ముందు నుంచీ తలకి నూనె పెట్టొద్దు. విశాఖ ఉక్కలో చెమటకి మాడు ఎలాగూ జిడ్డుగానే ఉంటుంది కాబట్టి ముందురోజు షాంపూ చేసి, పూర్తిగా ఆరబెట్టి కూర్చోండి.

రిమూవర్ కోసం విశాఖలో జగదాంబ వైపు, పూర్ణామార్కెట్ చుట్టుపక్కల పార్లర్ సామాను అమ్మే షాపుల్లో అడిగి చూడండి. కెరాటిన్‌కి వేరు, టేప్‌కి వేరు అని చెప్పి, సీసా మీద చదివి మరీ తీసుకోండి. తల నిండా ఉంటే 100 మి.లీ. సీసా తెచ్చుకోండి. సగంలో అయిపోతే మిగతావి లాగి తీయాలనిపిస్తుంది. దాంతోపాటు బాండ్లు నలిపే చిన్న ప్లయర్, తోక దువ్వెన, పేల దువ్వెన, నాలుగు పెద్ద క్లిప్పులు, గ్లవ్స్, పాత తువ్వాలు కావాలి. ఇంట్లో పనిముట్ల డబ్బాలోని ప్లయర్ వద్దు. దాని పళ్లు వెంట్రుకల్ని కోసేస్తాయి.

రిమూవర్‌కి మంట అంటుకుంటుంది. వంటగదిలో, దీపం వెలుగుతున్న చోట, అగరుబత్తి పక్కన ఈ పని చెయ్యొద్దు. రిమూవర్‌తో తడిసిన జుట్టు మీద జుట్టు సాఫీ చేసే ఐరన్ పెట్టొద్దు. కిటికీలు తెరిచి ఉంచండి కానీ నెత్తి మీద ఫ్యాన్ ఆపేయండి. ఫ్యాన్ గాలికి ఆల్కహాల్ నిమిషంలోపే ఎగిరిపోయి, కరిగిన జిగురు మళ్లీ బిగుసుకుంటుంది. "ఎంత పోసినా పనిచెయ్యట్లేదు" అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

మెడ దగ్గర కింది వరసతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. మిగతా జుట్టంతా క్లిప్పులతో పైకి కట్టేయాలి. వెనకభాగం మీరు చూసుకోలేరు, అక్కనో వదిననో కూర్చోబెట్టుకోండి.

కెరాటిన్ బాండ్ అయితే ఒక విడతకి నాలుగైదు తీసుకోండి, అంతకు మించి వద్దు. ఒక్కో బాండ్‌కి ముందు ఒక చుక్క, వెనక ఒక చుక్క వేసి అర నిమిషం ఆగండి. ప్లయర్‌తో మాడు వైపు కొసన మొదలుపెట్టి కిందికి మూడు చోట్ల నొక్కండి. తర్వాత బాండ్‌ని పావువంతు తిప్పి మళ్లీ నొక్కండి. నలిగేటప్పుడు పటుక్కుమని చిన్న శబ్దం వస్తుంది, అప్పటిదాకా నున్నగా మెరిసిన ముద్ద తెల్లగా పగుళ్లు తేలుతుంది. ఆ పగుళ్లలోకి ఇంకో చుక్క వెయ్యాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో చుక్కే. మొదటిది పైపొరనే తాకుతుంది, రెండోది ముద్ద లోపలికి దిగుతుంది. ఇప్పుడు ఒక చేత్తో మాడు దగ్గర మీ జుట్టుని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఎక్స్‌టెన్షన్‌ని కిందికి జార్చండి. జారకపోతే లాగొద్దు, మళ్లీ నలపండి. అది వచ్చేశాక మీ పాయలో పొడిలా, పొలుసుల్లా మిగిలింది ఆరకముందే పేల దువ్వెనతో దువ్వేయాలి. మాడు దగ్గర పాయని వేళ్లతో నొక్కిపట్టి, చివర నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రండి. ఆ నాలుగైదూ పూర్తయ్యాకే తర్వాతి బాండ్లు ముట్టుకోండి. అన్నీ ఊడదీసి చివర్లో ఒకేసారి దువ్వుదాం అనుకుంటే మొదటి పాయల్లో పొడి ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటుంది.

ఇక్కడ కొంతమంది బెదిరిపోతారు: ఒక్కో బాండ్‌తో మీ వెంట్రుకలు గుత్తిలా వస్తాయి. మనిషి తలలోంచి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అతుకులో చిక్కినవి కిందపడే దారి లేక, పెట్టించుకున్నప్పటి నుంచీ అక్కడే పోగుపడ్డాయి. వెంట్రుక కొసన చిన్న తెల్లటి గడ్డ కనిపిస్తే చాలావరకు తనంతట రాలినదే. అలాంటి గడ్డ లేకుండా మధ్యకి తెగినవి ఎక్కువ వస్తుంటే, లేదా మాడు చురుక్కుమంటుంటే, చెయ్యి బరువైందన్నమాట. ఆగి, రిమూవర్ పెంచండి.

టేప్‌కి ప్లయర్ అక్కర్లేదు. రెండు పట్టీలు కలిసే అంచు వెంబడి రిమూవర్ రాసి, నిమిషం ఆగి, ఒక మూల నుంచి స్టిక్కర్ లేపినట్టు విడదీయండి. జుట్టుకి బంక మిగిలితే గోరుతో గీకొద్దు. ఊడిన పట్టీ జిగురు వైపుని ఆ బంక మీద అద్ది ఎత్తండి. జిగురుకి జిగురు అంటుకుని వచ్చేస్తుంది. అద్దాలేగానీ రుద్దకూడదు. తర్వాత ఇంకో రెండు చుక్కలు వేసి వేళ్లతో నలిపి దువ్వండి.

లేటెక్స్‌కి గోరువెచ్చటి కొబ్బరినూనె అతుకు పొడవునా పట్టించి ఇరవై నిమిషాలు వదిలేయండి. కుట్టు వరస దానంతటదే జారుతుంది. మిగిలిన రబ్బరుని వేళ్ల మధ్య ఉండలా చుట్టి తీసేయొచ్చు. గ్లూ మాడుకి తగిలి పుండైతే మాత్రం ఏదీ పెట్టకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి, విశాఖ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగం ఉంది.

నెయిల్ పాలిష్ రిమూవర్, కిరోసిన్, పెట్రోల్ ఏదీ తలకి తగలనివ్వొద్దు. శానిటైజర్‌లో నీళ్లు, జెల్ కలిసి ఉంటాయి కాబట్టి దాంతో పని సగంలోనే ఆగుతుంది. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని దూదితో అద్ది, మిగిలిపోయిన ఒకటి రెండు టేప్ మచ్చలు తీయొచ్చు, జుట్టు ఎండిపోతుంది గనక తలంతా మాత్రం వద్దు.

తల తడిపేది అన్నిటికన్నా చివర. రాలిన వెంట్రుకలు, జిగురు పొడి ఉండగానే నీళ్లు పోస్తే అన్నీ కలిసి జడకట్టేస్తాయి, దాన్ని కత్తిరించడం తప్ప దారి ఉండదు. అంతా దువ్వాక జిడ్డు వదిలించే క్లారిఫయింగ్ షాంపూ రెండుసార్లు పెట్టండి. రెండోసారి నురుగుని అతుకులు ఉన్న వరసల్లో వేళ్లతో నిలువుగా జార్చండి. కండిషనర్ చివర్లకే, అదీ జిగురు పూర్తిగా పోయిందని తేలాకే. కండిషనర్ నునుపు కింద బంక దాగిపోయి, చేతికి తెలియదు.

అందుకే పరీక్ష జుట్టు ఆరాకే చెయ్యాలి. బాల్కనీలో పగటి వెలుతురులో కూర్చుని ఒక్కో పాయని బొటనవేలు, చూపుడువేలు మధ్య పై నుంచి కిందికి జార్చండి. వేళ్లు ఆగిన చోట జిగురు ఉంది. అక్కడ ఒక చుక్క, ఒకసారి దువ్వెన. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు వాడేవాళ్లకి జుట్టంతా సమానంగా తెల్లటి పొడి, గరుకుతనం కనిపించవచ్చు. అది బోరు నీళ్లలోని లవణాలు జుట్టు మీద పేరుకున్న పొర, రిమూవర్‌తో పోదు. ఒక మగ్గు మంచినీళ్లలో చెంచాడు వెనిగర్ కలిపి పోసుకుని కడిగేయండి. రంగు వేయించుకునే ఆలోచన ఉంటే ఈ పరీక్ష అయ్యాకే వెళ్లండి, బంక ఉన్నచోట రంగు పట్టక మచ్చలు తేలుతుంది.

తీసిన జుట్టు పారేయొద్దు. అసలు జుట్టయితే అది ఏ కొండ మీదో ఎవరో మొక్కు తీర్చుకున్న తలనీలాలు కావచ్చు. టేపుల మీద పాత జిగురు తుడిచి, షాంపూ చేసి, నీడలో వేలాడదీసి ఆరాక గుడ్డసంచిలో చుట్టి పెడితే, కొత్త పట్టీలు వేసి మళ్లీ పెట్టించుకోవచ్చు. కెరాటిన్ పాయలకి కొసలు కొత్తగా వేయించాలి.